స్పీకర్ పోర్ట్ ముందుంటే మేలా, వెనకుంటే మేలా?

పోర్ట్ అంటే స్పీకర్ బాక్స్‌కి పెట్టే గాలి కన్నం, లోపల గొట్టంలా ఉంటుంది. "రూమ్ చిన్నది, స్పీకర్లు గోడ పక్కనే పెట్టాలి, ఫ్రంట్ పోర్ట్ తీసుకోవాలా?" అని ఎవరైనా అడగడం ఆలస్యం, "అవును బ్రో, వెనక పోర్ట్ అయితే గోడ దగ్గర బాస్ అంతా బొయ్యిమంటుంది" అని పదిమంది చెప్పేస్తారు. నేనూ చాలాకాలం ఇదే చెప్పేవాణ్ణి. ఇప్పుడు చెప్పట్లేదు, ఎందుకంటే ఇందులో సగమే నిజం, ఆ సగం కూడా జనం అనుకునే చోట లేదు.

ముందు పోర్ట్ పని ఏంటో చూద్దాం. ఖాళీ సీసా మూతి మీద ఊదితే బూ అని ఒకటే శ్రుతిలో మోగుతుంది కదా, ఇదీ అదే. బాక్స్ లోపలి గాలి స్ప్రింగ్‌లాగా పనిచేస్తుంది, గొట్టంలో ఉన్న గాలి ఆ స్ప్రింగ్‌కి తగిలించిన బరువులాగా, రెండూ కలిసి ఒక ఫ్రీక్వెన్సీ (సెకనుకి ఎన్ని ఊపులు అన్నది, హెర్ట్జ్‌లో లెక్కిస్తారు) దగ్గర గట్టిగా ఊగుతాయి, దాన్నే ట్యూనింగ్ అంటాం. బెల్ ల్యాబ్స్‌లో ఆల్బర్ట్ థూరాస్ దీనికి పేటెంట్ తీసుకున్నది 1932లో, అంటే ఇదేం నిన్నమొన్నటి ఐడియా కాదు. చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లలో ఈ ట్యూనింగ్ ఎక్కువగా 45 నుంచి 60 హెర్ట్జ్ మధ్యలో ఉంటుంది. నమ్మకం లేకపోతే ఒక టోన్ జనరేటర్ యాప్ పెట్టుకుని, వాల్యూమ్ తక్కువలోనే ఉంచి, 80 హెర్ట్జ్ నుంచి మెల్లగా కిందికి దిగుతూ వూఫర్ కోన్‌ని, అంటే బాస్ పలికిస్తూ ఊగే పెద్ద గుండ్రటి పొరని చూడండి, ఒకచోట కోన్ దాదాపు ఆగిపోయినట్టు ఉంటుంది కానీ పోర్ట్ దగ్గర చెయ్యి పెడితే గాలి బాగా తగులుతుంది, అదే ట్యూనింగ్. ఇంకా కిందికి పోతే కోన్ పట్టు తప్పినట్టు అటూ ఇటూ కొట్టుకుంటుంది, అక్కడ ఎక్కువసేపు ఉంచొద్దు.

దీంట్లో పట్టుకోవాల్సిన విషయం ఏంటంటే పోర్ట్ గట్టిగా పలికేది ఆ ట్యూనింగ్ చుట్టుపక్కల ఉన్న కొంచెం మేరలోనే. 100 హెర్ట్జ్ దగ్గరికొచ్చేసరికి పని దాదాపు మొత్తం వూఫర్‌దే.

ఇప్పుడు అసలు పోలిక. 40 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు సుమారు 8.6 మీటర్లు. మీ స్పీకర్ లోతు మహా అయితే 30 సెంటీమీటర్లు. 8.6 మీటర్ల తరంగానికి ఆ 30 సెంటీమీటర్లు ఏ మూలకి? ఆ ఫ్రీక్వెన్సీలో స్పీకర్ శబ్దం ముందుకీ వెనక్కీ పక్కలకీ ఒకేలా పాకుతుంది, కన్నం ముందుందా వెనకుందా అన్నది రూమ్ పెద్దగా పట్టించుకోదు. మరి గోడ దగ్గరికి జరిపితే బాస్ పెరగడం నిజమే కదా అంటారు, నిజమే, కానీ అది పోర్ట్ వల్ల కాదు, గోడ వల్ల. వెనక్కి పోయే శబ్దం గోడకి తగిలి తిరిగొచ్చి ముందు శబ్దంతో కలుస్తుంది, ఒక్కో గోడకి 6 డెసిబెల్స్ దాకా పెరగొచ్చు, మూలలో పెడితే రెండు గోడలూ నేలా కలిసి ఇంకా ఎక్కువ. ఫ్రంట్ పోర్ట్ స్పీకర్‌కీ ఇదే జరుగుతుంది, పోర్ట్ అసలే లేని సీల్డ్ స్పీకర్‌కీ ఇదే జరుగుతుంది. సీల్డ్‌లో బాస్ ముందే తక్కువ కాబట్టి అంత తెలియదు, అంతే.

దీని మీద రూమ్ మోడ్స్ ఒకటి, అంటే గోడల మధ్య దూరాన్ని బట్టి రూమే కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర మోగడం. 4 మీటర్ల పొడవున్న రూమ్‌లో మొదటి మోడ్ 43 హెర్ట్జ్ దగ్గర, 3 మీటర్ల వైపు 57 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. మీ పోర్ట్ ట్యూనింగ్ ఖర్మ కాలి సరిగ్గా అక్కడే పడిందనుకోండి, ఒక నోట్ మాత్రం గుయ్యిమని మోగుతూ ఉంటుంది, మనం వెళ్లి పాపం వెనకున్న కన్నాన్ని తిడతాం. కన్నం ముందుకి మార్చినా ఆ మోత అక్కడే ఉంటుంది.

అయితే వెనక పోర్ట్‌కి ఒక నిజమైన ఇబ్బంది ఉంది, అది ఊపిరి. పోర్ట్ మూతికి గోడ మరీ దగ్గరైతే గొట్టం పొడవు పెరిగినట్టు లెక్క అవుతుంది, ట్యూనింగ్ కిందికి జారుతుంది, గాలి కదలడం కష్టమవుతుంది. కనీసం పోర్ట్ వ్యాసమంత ఖాళీ వదలమని అంటుంటారు, అంటే 5 సెంటీమీటర్ల పోర్ట్‌కి 5 సెంటీమీటర్లు, నేనైతే దానికి రెట్టింపు వదులుతాను. ఎలాగూ వెనక కేబుల్, బనానా ప్లగ్ పెట్టాలంటే ఆ మాత్రం జాగా కావాల్సిందే కదా. చూశారా, అందరూ భయపెట్టే అడుగులూ మీటర్లూ ఇక్కడ లేవు.

ఫ్రంట్ పోర్ట్ నిజంగా గెలిచే చోటు ఒకటుంది, అది అల్మరా గూడు లేదా టీవీ యూనిట్‌లోని అర. వెనకా పక్కలా మూసున్న గూట్లో వెనక పోర్ట్ స్పీకర్ దూరిస్తే, ఆ గూడే ఇంకో బాక్స్ అయిపోయి దాని సొంత మోత మొదలెడుతుంది, ఇక ఏ ఈక్వలైజర్ (బాస్, ట్రెబుల్ లాంటివి పెంచి తగ్గించేది, ఈక్యూ అని కూడా అంటారు) పెట్టినా గొంతులు ఆ గూట్లోంచి వస్తున్నట్టే ఉంటాయి. అక్కడ మాత్రం కళ్లు మూసుకుని ఫ్రంట్ పోర్టే, లేదా సీల్డ్. కేఆర్‌కే రాకిట్ లాంటి మానిటర్లు, అంటే స్టూడియో స్పీకర్లు, ముందు పోర్ట్‌తో వస్తాయి, నాయ్‌మన్ కేహెచ్ 120 కూడా అంతే. యమహా హెచ్ఎస్5, జేబీఎల్ 305 వెనక పోర్ట్, అయినా వాటిని బల్లల మీద గోడకి దగ్గరగా పెట్టుకుని పనిచేసుకునేవాళ్లు బోలెడుమంది ఉన్నారు.

మరి ముందు పెట్టడంలో నష్టమే లేదా? ఉంది, నాకైతే ఇదే పెద్ద విషయం. పోర్ట్ అంటే రెండు వైపులా తెరిచిన గొట్టం, దానికి దాని సొంత రెజొనెన్స్ (తనంతట తాను మోగే శ్రుతి) ఉంటుంది. 15 సెంటీమీటర్ల గొట్టం దాదాపు 1000 హెర్ట్జ్ ప్రాంతంలో మోగుతుంది, అది సరిగ్గా మనిషి గొంతు ఉండే చోటు. బాక్స్ లోపల వూఫర్ వెనక నుంచి వచ్చే మిడ్‌రేంజ్ (బాస్‌కి పైన, గొంతులుండే మేర) శబ్దం కూడా ఆ గొట్టంలోంచి బయటికి కారుతుంది. పోర్ట్ ముందుంటే అదంతా నేరుగా మన చెవికి వస్తుంది, వెనకుంటే గోడ వైపు పోయి ఎంతో కొంత తగ్గి వస్తుంది. బుస్‌బుస్‌మనే గాలి చప్పుడు కూడా అంతే, దాన్ని చఫింగ్ అంటారు, గాలి వేగం సెకనుకి 17 మీటర్లు దాటకుండా చూసుకోవాలని డిజైనర్లు ఒక లెక్క పెట్టుకుంటారు. పోర్ట్ పెద్దది చేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది, కానీ అదే ట్యూనింగ్ ఉంచి వ్యాసం రెట్టింపు చేస్తే పొడవు సుమారు నాలుగు రెట్లు కావాలి, చిన్న బాక్స్‌లో అంత గొట్టం ఎక్కడ పెడతారు? పొడవు పెరిగితే ఆ గొట్టం మోత ఇంకా కిందికి, గొంతు మధ్యలోకి దిగుతుంది. అందుకే చాలా కంపెనీలు వెనక పెడుతున్నాయి, దాచాల్సింది ఉంది కాబట్టి దాచారు, దాంట్లో తప్పేం లేదు. డిజైన్ బాగున్న ఫ్రంట్ పోర్ట్‌లో ఇవేవీ వినపడవు, అది కూడా ఒప్పుకోవాలి.

కిందికి చూసే పోర్ట్ సంగతి తొందరగా చెప్పేస్తా. సబ్‌వూఫర్లలో ఎక్కువ, వార్ఫ్‌డేల్ డైమండ్ 200 సిరీస్‌లో కూడా కింద సందులోంచి గాలి వచ్చేలా పెట్టారు. కాళ్ల ఎత్తు కంపెనీయే డిసైడ్ చేస్తుంది కాబట్టి పోర్ట్‌కీ నేలకీ మధ్య దూరం ఏ రూమ్‌లో అయినా ఒకటే, ట్యూనింగ్ మారదు. ఆ కాళ్లు పీకేసి మందపాటి కార్పెట్ మీద కూర్చోబెడితే మాత్రం అయిపోయింది. పక్క పోర్ట్ గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు, పక్కన సోఫా చెయ్యి ఆనకుండా చూసుకోండి చాలు.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. స్పీకర్ ముందు భాగం నుంచి వెనక గోడకి 1 మీటర్ దూరం ఉందనుకోండి, వెనక్కి పోయి తిరిగొచ్చే శబ్దం 86 హెర్ట్జ్ దగ్గర ఎదురొచ్చి ముందు శబ్దాన్ని కొట్టేస్తుంది, అక్కడ ఒక గుంట పడుతుంది. 40 సెంటీమీటర్లకి తెస్తే ఆ గుంట 214 హెర్ట్జ్‌కి ఎక్కుతుంది, అక్కడైతే గోడకి మందపాటి ప్యానెల్ పెట్టి కొంత సర్దుకోవచ్చు. అంటే "వెనక పోర్ట్ కాబట్టి దూరం జరుపు" అని ఎవరో చెప్తే విని రూమ్ మధ్యలోకి లాగినవాళ్లకి బాస్ డ్రమ్‌లో పంచ్ పోవడానికి కారణం ఇదే, పోర్ట్‌కి అసలు సంబంధమే లేదు. మరీ దగ్గరా కాకుండా మరీ దూరమూ కాకుండా మధ్యలో పెట్టడమే అన్నిటికన్నా చెడ్డది ఒక్కోసారి.

కాబట్టి గూట్లో పెట్టేవాళ్లు ఫ్రంట్ పోర్ట్ చూసుకోండి. గోడకి 10 సెంటీమీటర్లు వదలగలిగే వాళ్లు పోర్ట్ ఎక్కడుందో మర్చిపోయి సౌండ్ నచ్చింది తీసుకోండి. తర్వాత బాస్ ఎక్కువైతే పోర్ట్‌లో ఫోమ్ ప్లగ్ (స్పాంజ్ బిరడా) దూర్చడం అన్నిటికన్నా చవక వైద్యం, కెఫ్, బోవర్స్ అండ్ విల్కిన్స్ లాంటివాళ్లు కొన్ని మోడల్స్‌తో ప్యాకింగ్‌లోనే ఇస్తారు. ప్లగ్ పెడితే స్పీకర్ సుమారుగా సీల్డ్ అయిపోతుంది, ఆక్టేవ్‌కి, అంటే ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ, 24 డెసిబెల్స్ చొప్పున పడిపోయే బాస్ 12 చొప్పున మెల్లగా పడుతుంది, గోడ ఇచ్చే బలం దాన్ని కొంత నింపుతుంది. కాకపోతే కోన్ ఊపు పెరుగుతుంది, బాగా గట్టిగా వినేవాళ్లు జాగ్రత్త. లోపలే యాంప్, ఈక్యూ ఉన్న యాక్టివ్ మానిటర్లకి ఈ పని చెయ్యకండి, వాటి ఈక్యూ పోర్ట్ ఉందనే లెక్కతోనే కట్టి ఉంటుంది, వెనక బాస్ తగ్గించే స్విచ్ ఉంటే అది వాడుకోండి.

ఒక స్పీకర్ మూలలో పడి ఇంకోటి ఖాళీగా ఉంటే, మూలలో ఉన్నదానికి మాత్రమే ప్లగ్ పెడదాం అనిపిస్తుంది. పెట్టొద్దు. ప్లగ్ ఉన్నదానికీ లేనిదానికీ కింది బాస్‌లో ఫేజ్ (తరంగం ఎప్పుడు లేస్తుంది, ఎప్పుడు పడుతుంది అన్నది) వేరేగా ఉంటుంది, ఎడమా కుడీ ఒకదాన్నొకటి కొంత కొట్టేసుకుంటాయి, బాస్ తగ్గడం తగ్గుతుంది కానీ మీరు అనుకున్న చోట కాదు. పెడితే రెండిటికీ పెట్టండి.