వాడిన లైటింగ్ బోర్డు కొంటున్నారా? హాలోజన్ దీపంతో చూపిస్తే నమ్మకండి

నిన్న రాత్రి మా నాటకం చివరి దృశ్యం నా చేతుల్లోనే పాడైపోయింది. 24 ఫేడర్ల (ఒక్కో ఛానల్‌కు, అంటే ఒక్కో దీపపు లైనుకు, వెలుగును పెంచి తగ్గించే జారుడు మీటల) వాడిన లైటింగ్ బోర్డు అమ్మకానికి ఉంది, "ప్రతి ఛానలూ పరీక్షించాం" అన్న ఆ ప్రకటనను మీలో చాలామంది చూసే ఉంటారు. వారం క్రితం దానిని కొన్నది నేనే.

తల్లి పాత్ర ఒంటరిగా కూర్చుని ఉండగా, ఆమె ముఖం మీది 7వ ఛానల్ వెలుగు 20 సెకన్లలో 60 శాతం నుంచి సున్నాకు మెల్లగా దిగాలి. 30 శాతం దగ్గరికి వచ్చేసరికి ఆ వెలుగు ఒక్కసారిగా ఎగసి, పడి, మళ్లీ ఎగసింది. ఫేడర్‌ను కదలకుండా పట్టుకున్నా బోర్డు మీది చిన్న తెరలో అంకె 28, 41, 33 అని దానంతటదే మారుతోంది. పూర్తిగా కిందికి లాగినా 2 శాతం దగ్గరే ఆగిపోయింది. బోర్డు నుంచి దీపాలకు ఆదేశాలు పంపే డీఎంఎక్స్ పద్ధతిలో ఛానల్ విలువలు 0 నుంచి 255 వరకు ఉంటాయి కనుక 2 శాతం అంటే సుమారు 5. ఎల్‌ఈడీ దీపం సన్నగా వెలుగుతూ ఉండటానికి అది చాలు. అన్ని దీపాలనూ ఒకేసారి ఆర్పే బ్లాకౌట్ బటన్ నాకు గుర్తుకు వచ్చేలోపే, చీకటిలో జరగవలసిన ఆమె నిష్క్రమణ ప్రేక్షకులందరికీ కనిపించింది.

ముందు నన్నే అనుమానించుకుని ప్యాచ్ (ఏ దీపం ఏ ఛానల్‌కు అన్న అమరిక), కేబుల్, దాని చివరన సిగ్నల్ వెనక్కి తిరగకుండా పెట్టే 120 ఓమ్‌ల టెర్మినేటర్ అన్నీ చూశాను. అదే దీపాన్ని 8వ ఛానల్‌కు మారిస్తే నిలకడగా వెలిగింది. 7కు వేరే దీపం ఇస్తే అదీ వణికింది. ఫేడర్ లోపలి కార్బన్ పట్టీ అరిగిపోయిందని అప్పటికి తేలింది.

ఈ ఉదయం అమ్మిన వ్యక్తికి ఫోన్ చేశాను. పొరపాటున చూసుకోలేదని అంటాడనుకున్నాను. "ఎల్‌ఈడీ పెడితే పాత ఫేడర్ల వణుకంతా బయటపడుతుందండీ, అందుకే మేము హాలోజన్ పెట్టే చూపిస్తాం. తీసుకునే ముందు చూసుకోవలసింది మీరు" అని ఫోన్ పెట్టేశాడు. ఆ మాటే నా మనసులోంచి పోవడం లేదు. హాలోజన్ ఫిలమెంట్ వేడెక్కడానికీ చల్లారడానికీ కొంత సమయం పడుతుంది కనుక చిన్న చిన్న ఎగుడుదిగుళ్లు అందులోనే కలిసిపోతాయి, 2 శాతం దగ్గర వెలుగు కంటికి కనిపించదు. ఆ సంగతి తెలిసే అతను ఆ దీపాన్ని ఎంచుకున్నాడు, తెలిసే ప్రతి ఫేడర్‌నూ తన చేత్తోనే కింది నుంచి పైకి ఒక్క ఊపులో లాగి చూపించాడు. నేను నెమ్మదిగా జరిపి చూద్దామని చేయి చాపితే "అన్నీ చూశారు కదండీ, ఇంకొకరు ఎదురుచూస్తున్నారు" అన్నాడు. నేను చేయి వెనక్కి తీసుకున్నాను. ఇన్నేళ్లుగా లైట్లు చేస్తూ కూడా ఆ మాటకు తగ్గడం నా తప్పే, దానికి ఆ నటికి క్షమాపణ చెప్పుకున్నాను.

ఆ బోర్డు కాకపోయినా, వాడినది ఏది కొనబోతున్నా మీ సొంత ఎల్‌ఈడీ దీపం ఒకటి తీసుకెళ్లండి. మొత్తం వెలుగును నియంత్రించే గ్రాండ్ మాస్టర్ ఫేడర్‌ను పూర్తిగా పైకి పెట్టి, ఒక్కొక్క ఫేడర్‌నూ మీరే మెల్లగా జరుపుతూ 10, 30, 50 శాతాల దగ్గర ఆపి అంకె కదులుతోందేమో చూడండి. సున్నాకు దించినప్పుడు దీపం పూర్తిగా ఆరాలి. అంతసేపు చూడనివ్వకపోతే కొనకుండా వచ్చేయండి.