ట్రీలో వెయిటెడ్ యావరేజ్: కింది నుంచి కట్టాలా, పై నుంచి కట్టాలా?

ట్రీ ఆకారంలో, అంటే ఒక రూట్ నోడ్ నుంచి కొమ్మలుగా కిందికి విడిపోతూ ఉన్న డేటాకు, ఒక్కో విలువకు దాని వెయిట్ (ప్రాధాన్యం) లెక్కేస్తూ సగటు కట్టమంటే చాలామంది చేతికి ముందుగా వచ్చే కోడ్ ఒకటే. ప్రతి నోడ్ తన పిల్లల సగటులను తీసుకుని, వాటికి మళ్లీ సగటు కట్టి పైకి పంపుతుంది. నాలుగు లైన్ల రికర్షన్ (తనను తానే పిలుచుకునే ఫంక్షన్), చూడటానికి ముచ్చటగా ఉంటుంది. జవాబే తప్పు. ఒక కొమ్మలో 90, 80 అనే రెండు లీఫ్‌లు (పిల్లలు లేని చివరి నోడ్‌లు), ఒక్కోదాని వెయిట్ 1. ఇంకో కొమ్మలో 60 అనే ఒకే లీఫ్, దాని వెయిట్ 8 అనుకోండి. సగటుల సగటు కడితే 72.5 వస్తుంది. నిజానికి 90, 80, 480 కలిపితే 650, దాన్ని మొత్తం వెయిట్ 10తో భాగిస్తే 65. ఈ పద్ధతిని పోటీలోంచి ఇప్పుడే తప్పిద్దాం.

మిగిలిన వాటిలో మొదటిది, సగటుకు బదులు ఒక జతను పైకి పంపడం: విలువను వెయిట్‌తో గుణించగా వచ్చిన మొత్తం ఒకటి, వెయిట్‌ల మొత్తం ఇంకొకటి. భాగహారం జవాబు చూపించేటప్పుడు మాత్రమే చేస్తాం. రెండోది, రూట్ నుంచి దిగుతూ దారిలోని వెయిట్‌లన్నీ గుణించుకుంటూ పోయి, ఆ లబ్ధంతో లీఫ్ విలువను గుణించి అన్నీ కూడటం.

ఏది మేలో తేలాలంటే ముందు మీ డేటాలో వెయిట్ అంటే ఏమిటో చూడాలి. ఎన్ని గంటలు, ఎంతమంది, ఎన్ని యూనిట్లు లాంటి పరిమాణం లీఫ్ దగ్గరే ఉండి, పైనోడ్ వెయిట్ కింది వాటి మొత్తమే అయితే జత పద్ధతికి సాటి లేదు. అలా కాకుండా ప్రతి నోడ్‌కీ దాని పేరెంట్‌లో ఇంత వాటా అని ఎవరో ముందే నిర్ణయించి ఉంటే, ఉదాహరణకు థియరీకి 60 శాతం, ప్రాక్టికల్‌కు 40 శాతం అని, అప్పుడు దారి గుణకారం సరైనది. ఈ రెండో రకం ట్రీలో కింది నుంచి స్థాయివారీగా, ప్రతి నోడ్ దగ్గరా పిల్లల ఫలితాలను వాటి వాటాలతో గుణించి కూడుతూ వచ్చినా అదే జవాబు వస్తుంది.

డేటా నిండుగా ఉన్నంతకాలం అంతే. అసలు గొడవ ఖాళీలతో మొదలవుతుంది. థియరీలో 90, 80 సమాన వాటాలతో ఉన్నాయి, ప్రాక్టికల్‌లో 60 ఒక్కటే. థియరీ 85, కాబట్టి 51కి 24 కలిపి 75. దారి గుణకారం చేసినా (90కి, 80కి 0.3 చొప్పున, 60కి 0.4) 27, 24, 24 కలిపి 75 వస్తుంది. ఇప్పుడు ఆ 80 ఇంకా రాలేదనుకోండి. స్థాయివారీగా వెళ్తే థియరీలో ఉన్న ఒక్క 90 ఆ కొమ్మ మొత్తానికీ నిలబడుతుంది: 54కి 24 కలిపి 78. దారి గుణకారంలో మిగిలిన 51ని, మిగిలిన వెయిట్ 0.7తో భాగిస్తాం: సుమారు 72.86. ఖాళీని సున్నా అనుకుంటే 51. ఒకే డేటా, మూడు జవాబులు, ఏ ఎర్రర్ మెసేజ్ కూడా రాదు.

నా ఓటు స్థాయివారీ పద్ధతికే. థియరీకి 60 శాతం అని ఒకసారి అనుకున్నాక, అందులో ఒక మార్కు రాలేదని దాని వాటా తగ్గిపోవడం ఆ నిర్ణయాన్ని చాటుగా మార్చేయడమే. దీనికీ ఒక లోటుంది: కొమ్మలో ఒకే ఒక్క లీఫ్ మిగిలితే 60 శాతం బరువంతా దాని మీదే పడుతుంది. అందుకే జవాబు పక్కన ఎంత వెయిట్‌కు డేటా ఉందో, ఇక్కడ 0.7, అది కూడా చూపించాలి. కొమ్మ మొత్తం ఖాళీ అయితే సున్నా కాదు, నల్ (విలువే లేదు అనే గుర్తు) తిరిగి ఇవ్వాలి.

డేటాబేస్‌లోనే లెక్క కట్టాలంటే బలాబలాలు మారతాయి. రికర్సివ్ క్వెరీకి (తన ఫలితాన్నే మళ్లీ వాడుకుంటూ సాగే క్వెరీకి) పై నుంచి దిగడం సులువు, కాబట్టి దారి గుణకారం ఇట్టే కుదురుతుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ రికర్సివ్ భాగం లోపల సమ్ లాంటి అగ్రిగేట్లను (చాలా వరుసలను ఒక్క విలువగా కలిపే ఫంక్షన్లను) ఒప్పుకోదు. జత పద్ధతి కావాలంటే ముందు ప్రతి లీఫ్‌కూ దాని పూర్వీకులందరి జాబితా తయారుచేసి, బయట గ్రూప్ బై పెట్టుకోవాలి. ఖాళీలున్న వాటాల ట్రీ అయితే క్వెరీతో కుస్తీ పట్టకుండా కోడ్‌లోకి తెచ్చుకోవడమే హాయి. అక్కడ కూడా ట్రీ మరీ లోతైతే పైథాన్ డిఫాల్ట్ రికర్షన్ పరిమితి 1000 అడ్డొస్తుంది, సొంత స్టాక్‌తో పోస్ట్ ఆర్డర్‌లో (ముందు పిల్లలు, తర్వాత పేరెంట్) తిరగాలి.

విలువలు తరచూ మారే చోట జత పద్ధతి మళ్లీ ముందుకొస్తుంది. ప్రతి నోడ్ దగ్గరా జతను దాచి ఉంచితే, ఒక లీఫ్ మారినప్పుడు తేడాను దాని పూర్వీకులకు మాత్రమే కలిపితే చాలు, ట్రీ అంతా తిరగక్కర్లేదు. ఒక కొమ్మను వేరే చోటికి మార్చినా పాత పూర్వీకుల నుంచి దాని జతను తీసేసి, కొత్తవాళ్లకు కలపడమే పని. ఫ్లోట్‌లతో (కంప్యూటర్ సుమారుగా దాచే దశాంశ సంఖ్యలతో) ఇలా కలుపుతూ తీస్తూ పోతే చిన్న చిన్న తేడాలు పోగవుతాయి. పూర్ణాంకాలు వాడండి, కుదరకపోతే రోజుకోసారైనా కింది నుంచి మొత్తం తిరిగి లెక్క కట్టించండి.