సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొంటున్నారా? వెనక టైర్ల లోపలి అంచు చూడకుండా డబ్బు కట్టకండి

సెకండ్ హ్యాండ్‌లో స్పోర్ట్స్ కారు చూస్తున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. నాకు డబ్బు పోవడమే కాదు, ప్రాణం మీదికే వచ్చింది.

నాలుగు నెలల కింద హైదరాబాద్‌లో ఒక డీలర్ దగ్గర రెండు సీట్ల రియర్ వీల్ డ్రైవ్ కారు తీసుకున్నాను. ఎన్నో ఏళ్ల కోరిక. "టైర్లు 70 శాతం ఉన్నాయి సార్, అలైన్‌మెంట్ మొన్ననే చేయించాం" అని అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) బిల్లు చూపించారు. పక్కన నిలబడి చూస్తే గ్రిప్ బాగానే కనిపించింది. నమ్మేశాను.

మొదటి రోజు నుంచే కారు నేరుగా వెళ్తున్నా స్టీరింగ్ కొద్దిగా ఎడమకు వంగి ఉండేది. 80 దాటితే వెనక నుంచి ఒకటే మోత. బేరింగ్ అయి ఉంటుందిలే అనుకున్నాను. 3 వేల కిలోమీటర్లు తిరిగాక ఒక వాన సాయంత్రం ఔటర్ రింగ్ రోడ్డు దిగే మలుపులో కారు వెనక భాగం ఒక్కసారిగా పక్కకు జారింది. వేగం 50 కూడా లేదు. డ్యాష్‌బోర్డు మీద స్టెబిలిటీ కంట్రోల్ (కారు అదుపు తప్పకుండా చూసే ఏర్పాటు) లైటు మెరిసింది, కారు ఎలాగో సర్దుకుంది. పక్కన మా ఆవిడ ఉంది. ఇంటికి చేరేదాకా ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు.

మర్నాడు టైర్ల షాపులో జాకీ మీద లేపి చక్రం విప్పారు. ఆ కుర్రాడు "అన్నా, చెయ్యి మెల్లగా పెట్టు, తీగ గుచ్చుకుంటది" అన్నాడు. ఎడమ వెనక టైరు బయటివైపు 5 మిల్లీమీటర్ల గ్రిప్ ఉంది. లోపలి అంచున రెండు వేళ్ల వెడల్పున రబ్బరే లేదు. తెల్లటి పోగులు, వాటి మధ్య నుంచి స్టీలు తీగలు బయటికి వచ్చి ఉన్నాయి. మన దగ్గర రూలు ప్రకారం కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. కుడి టైరు కూడా లోపలివైపు గుండు అయిపోయింది.

ఇలాంటి కార్లకు వెనక చక్రాల పైభాగం కొద్దిగా లోపలికి వాలి ఉంటుంది. దాన్నే నెగటివ్ క్యాంబర్ అంటారు, మలుపుల్లో పట్టు కోసం కంపెనీయే అలా పెడుతుంది. క్యాంబర్ ఒక్కటే టైరును ఇంత త్వరగా తినదు. దానికి టో తేడా, అంటే చక్రం ముందువైపు లోపలికో బయటికో ఉండాల్సిన దానికన్నా ఎక్కువ తిరిగి ఉండటం, తోడైతేనే అసలు నష్టం. నా కారుకు ఎడమ వెనక చక్రం ముందువైపు బయటికి తెరుచుకుని ఉంది. లెక్క వేసి చూశాను: పావు డిగ్రీ తేడా ఉంటే చాలు, ప్రతి కిలోమీటరుకు ఆ చక్రాన్ని 4 మీటర్లకు పైగా పక్కకు ఈడ్చినట్టే. స్టీరింగ్ వంకర, ఆ మోత, వానలో జారడం, అన్నీ అక్కడి నుంచి వచ్చినవే.

మరి అలైన్‌మెంట్ చేయించామన్నారు కదా? ఇంటికి వచ్చి కారు ఫైలు తీస్తే బిల్లు వెనకే పిన్ను కొట్టిన అలైన్‌మెంట్ మెషీన్ ప్రింటు ఉంది. అందులో అంకె సరైన పరిధిలో ఉంటే ఆకుపచ్చ, లేకపోతే ఎరుపు. ముందు చక్రాల అంకెలన్నీ పచ్చగా మారాయి. ఎడమ వెనక టో మాత్రం 'ముందు' గడిలోనూ ఎరుపే, 'తర్వాత' గడిలోనూ అదే అంకె, అదే ఎరుపు. అంటే వెనక చక్రాలను ముట్టుకోనే లేదు. ఆ బిల్లు ఇచ్చిన అలైన్‌మెంట్ షాపుకు ఫోన్ చేస్తే "వెనక అడ్జస్ట్‌మెంట్ ఉండదు సార్" అన్నారు. చిన్న కార్లలో చాలావాటికి వెనక టార్షన్ బీమ్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే దూలం) ఉంటుంది కాబట్టి వాటికి ఆ మాట నిజమే. నా కారుకు వెనక మల్టీలింక్ సస్పెన్షన్, అంటే ఒక్కో చక్రాన్ని విడిగా కొన్ని కడ్డీలు పట్టి ఉంచుతాయి. టోకూ క్యాంబర్‌కూ వేర్వేరు బోల్టులు ఉన్నాయి. తర్వాత వేరే గ్యారేజీలో చూపిస్తే, టో బోల్టు తుప్పు పట్టి బిగుసుకుపోయింది, ఆ పక్క బుష్ (కీలులో ఉండే రబ్బరు ముక్క) చీలిపోయింది అని చెప్పారు. బుష్ పాడైతే ఎన్నిసార్లు అలైన్‌మెంట్ చేయించినా నిలవదు. బుష్ మార్చారు, బోల్టు కోసి కొత్తది వేశారు, ఆ తర్వాతే అంకెలు పచ్చబడ్డాయి.

వెనక టైర్లు ముందువాటి కన్నా వెడల్పు, కాబట్టి ముందూ వెనకా మార్చి కొన్నాళ్లు నెట్టుకొచ్చే వీలు కూడా లేదు. ఒక్కో టైరు 30 వేలు దాటింది. డీలర్ మాత్రం "టైర్లు వారంటీలో రావు సార్" అని ఫోన్ పెట్టేశాడు.

అందుకే చెబుతున్నాను, కారు చూడటానికి వెళ్తే లిఫ్ట్ ఎక్కించమనండి. కుదరదంటే సెల్‌ఫోన్ టార్చ్‌తో కింద నుంచి వెనక టైర్ల లోపలివైపు ఫోటో తీయండి. అరచేతిని టైరు మీద అడ్డంగా అటూ ఇటూ జరపండి. ఒకవైపు నున్నగా, తిరిగి వస్తుంటే రంపంలా తగిలితే టో తేడా ఉన్నట్టే. అలైన్‌మెంట్ బిల్లు చూపిస్తే ప్రింటు అడగండి, నాలుగు చక్రాల 'ముందు', 'తర్వాత' అంకెలు ఉన్నాయా, పైన మీ కారు మోడలే రాసి ఉందా చూడండి. మీరు దగ్గరుండి చేయిస్తే మొదట నాలుగు టైర్లలోనూ గాలి సరిచేయించి ఆ తర్వాతే మెషీన్ పెట్టించండి.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు పెట్టాను. పాత టైర్లు రెండూ, రెండు ప్రింట్లూ పారేయకుండా దాచి ఉంచాను. ఏం తేలినా మళ్లీ రాస్తాను.