ఫుకుషిమా కొండదారుల్లో అద్దె కారుతో రెండు రోజులు

జపాన్‌లో ఆకుల రంగులు చూడాలనుకునే వాళ్లందరికీ ఉండే బెంగ ఒకటే: మనం వెళ్లేనాటికి చెట్లు పండుతాయా, లేక అప్పటికే రాలిపోతాయా? సెలవులు నెలల ముందే పెట్టుకోవాలి, ఆకులేమో ఆ వారం చలిని బట్టి రంగు మారతాయి. పోయినేడు నిక్కోకి వారం ముందుగా వెళ్లాను. పచ్చటి చెట్లే చూసి, ఇరోహాజకా మలుపుల్లో రెండు గంటలు ట్రాఫిక్‌లో కూర్చుని తిరిగొచ్చాను. ఈసారి అమ్మ వచ్చింది. అరవయ్యెనిమిదేళ్ల వయసులో, మోకాళ్ల నొప్పులతో అంతదూరం ప్రయాణం చేసి వచ్చిన మనిషికి మోడులు చూపించి పంపలేను. అందుకే ఫుకుషిమాలో చిన్న కారు అద్దెకు తీసుకున్నాను. అక్టోబరు 23, 24 తేదీల్లో తిరిగాం. మళ్లీ వెళ్లాల్సి వస్తే ఇదే దారి, ఇదే సైజు కారు.

ఈ దారిలో ఉన్న సుగుణమంతా ఎత్తులోనే ఉంది. ఫుకుషిమా నగరం దాదాపు సముద్రమట్టం దగ్గరే ఉంటుంది. అక్కడి నుంచి తకాయు వేడినీటి బుగ్గల మీదుగా ఎక్కే బందాయ్-అజుమా స్కైలైన్ అనే కొండరోడ్డు 1,622 మీటర్ల దాకా పోతుంది. వంద మీటర్లు ఎక్కితే సుమారు 0.6 డిగ్రీలు చల్లబడుతుంది కాబట్టి, కింద స్వెటర్ అక్కర్లేని వేళకి పైన చెవులు గడ్డకడతాయి. రంగు ముందు కొండ నెత్తిన మొదలై వారాల తరబడి కిందికి దిగుతుంది. అంటే సెప్టెంబరు చివరి నుంచి నవంబరు మొదటి దాకా ఏ రోజు వెళ్లినా, ఈ దారిలో ఎక్కడో ఒకచోట చెట్లు సరిగ్గా పండి ఉంటాయి. తేదీ తప్పుతుందన్న భయం అక్కర్లేదు, ఎత్తు వెతుక్కుంటే చాలు.

కారు సంగతి. జపాన్‌లో 660 సీసీ ఇంజన్‌తో వచ్చే బుల్లి కార్లను కేయ్ కార్లంటారు. మేం తీసుకున్నది అదే. రెండు రోజులకి బీమాతో కలిపి పద్నాలుగు వేల యెన్ల లోపే అయింది. ఎక్కుడులో ఇంజన్ గట్టిగానే అరుస్తుంది, వెనక పెద్ద కారు వస్తే పక్కకి తప్పుకుని దారివ్వాలి. కానీ ఆ ఇరుకు మలుపుల్లో ఎదురుగా టూరిస్టు బస్సు వచ్చినప్పుడు ఈ బుల్లి కారు విలువ తెలిసింది. సీటు ఎత్తుగా ఉండడంతో అమ్మ మోకాళ్లు పెద్దగా వంచకుండానే ఎక్కి దిగింది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. దిగుడులో బ్రేకు మీద కాలు పెట్టి కూర్చోకుండా గేరు తగ్గించి వదలండి. ఆ మలుపులు చాలా పొడుగు, బ్రేకులు వేడెక్కుతాయి.

అమ్మ ముప్పై ఏళ్లు చీరలకి ఫాల్స్ కుట్టింది. ఒక్క ఛాయ తేడా వచ్చినా దారం మార్చే మనిషి. తకాయు దాటాక త్సుబాకురోదాని లోయ మీద ఫుదోసావా వంతెన వస్తుంది, లోయ అడుగు నుంచి 84 మీటర్ల ఎత్తున. అక్కడ కారు ఆపి, నడిచి వంతెన మధ్యకి వెళ్లాం. నేను "ఎంత ఎర్రగా ఉందో" అన్నాను. "ఎరుపనేస్తే ఎలాగే? అది మిరపపండు రంగు. ఆ పక్కది ఇటుక. ఆ పైది కనకాంబరం. అదిగో, ఆ పెద్ద చెట్టు మెంతిరంగు, కిందికొచ్చేసరికి గంధం అయింది చూడు" అంటూ వేలు పెట్టి చూపించింది. మెంతిరంగువి బునా (బీచ్) చెట్లు, మిరపపండు రంగువి ఎక్కువగా ననకమాడో (రోవన్) చెట్లు, మేపుల్స్. పసుపు ఆకులో ముందు నుంచీ ఉండేదే, పచ్చదనం తగ్గగానే బయటపడుతుంది. ఎరుపు మాత్రం ఆకు అప్పటికప్పుడు తనలోని చక్కెరతో తయారు చేసుకునేది. పగలు మంచి ఎండ, రాత్రి గట్టి చలి ఉన్న ఏడు అందుకే ఎరుపు అంత చిక్కగా దిగుతుంది. ఇదంతా అమ్మకి చెప్తే "అయితే ఒకటి నేతలో వచ్చిన రంగు, ఇంకోటి అద్దకం" అంది.

స్కైలైన్ పైభాగాన జోదోదైరా అనే చదునైన చోట ఆకు లేదు. అక్టోబరు చివరికి అక్కడ ఋతువు ముగిసిపోయింది. బూడిదరంగు కొండ, పొట్టి గడ్డి, చలిగాలి, అంతే. అయినా దాటి వెళ్లిపోకండి. పార్కింగ్‌కి 500 యెన్లు తీసుకున్నారు. ఎదురుగానే 1,707 మీటర్ల అజుమా-కోఫుజి, పది నిమిషాలు మెట్లెక్కితే అగ్నిపర్వతం నోటి అంచు మీద నిలబడతాం. అమ్మ కింద బెంచీ మీద కూర్చుంది, నేను ఎక్కి చేయి ఊపాను. అంచు నుంచి కిందికి చూస్తే మనం ఎక్కొచ్చిన అడవంతా పొరలు పొరలుగా కనిపిస్తుంది: పైన మోడు, నడుమ ఎరుపు, అడుగున ఇంకా ఆకుపచ్చ. ఈ సమీక్షలో నేను చెప్తున్నదంతా ఆ ఒక్క చూపులో ఉంది. జోదోదైరా పక్కన కొంత దూరం గంధకం వాయువులు వస్తాయి. అద్దాలు మూసుకుని ఆగకుండా వెళ్లమని బోర్డులు పెట్టారు, ఆ మాట వినండి. దీపావళి మర్నాడు వీధిలో వచ్చే వాసనలా ఉంటుంది.

స్కైలైన్‌కి టోలు లేదు. 1959లో టోలు రోడ్డుగా మొదలై, 2013లో ఉచితమైంది. దిగాక వచ్చే లేక్‌లైన్ రోడ్డు కూడా అంతే. మా ప్రయాణంలో అత్యుత్తమమైన గంట లేక్‌లైన్ మీదే గడిచింది. నకత్సుగావా లోయ దగ్గర ఆగి, వెంట తెచ్చుకున్న పులిహోర కారులోనే కూర్చుని తిన్నాం. ఆ రోజు అక్కడ రంగు నిండుగా ఉంది. గాలి వీచినప్పుడల్లా బునా ఆకులు అద్దం మీద పడి జారిపోయేవి, అమ్మ వైపర్ వెయ్యనివ్వలేదు. తిండి గురించి ఒక మాట: శాకాహారులు ఏదో ఒకటి వెంట తెచ్చుకోవాల్సిందే. సోబా నూడుల్స్ చూడ్డానికి శాకాహారంలానే ఉంటాయి గానీ, ఆ పులుసు ఎక్కువగా ఎండుచేపతో కాచిన దాషీ అనే రసంతో చేసేదే.

గోషికినుమా మడుగుల పుట్టుక వినగానే అమ్మ మౌనమైపోయింది. 1888 జూలై 15న బందాయ్ అగ్నిపర్వతం ఉత్తరపు పార్శ్వం పేలి కూలింది. ఊళ్లు పూడిపోయి 477 మంది చనిపోయారు. వాగులకి అడ్డం పడ్డ ఆ మట్టి వెనకే హిబారా సరస్సు, ఈ మడుగులూ ఏర్పడ్డాయి. తర్వాత ఎండో గెన్ము అనే ఆయన ఆ బీడులో మొక్కలు నాటించే పని తలకెత్తుకున్నాడు. ఈరోజు మనం ఫొటోలు తీసుకునే అడవి వెనక ఆ చేతులున్నాయి. అన్నిటికన్నా పెద్దదైన బిషామోన్ మడుగు పార్కింగ్ పక్కనే ఉంది. నడవలేనివాళ్లు ఆ ఒక్కటీ చూసినా చాలు. ఆ నీళ్ల రంగుకి మాత్రం అమ్మ దగ్గర కూడా పేరు దొరకలేదు.

రెండో రోజు కితకతా మీదుగా తదామి నది లోయకి. ఇక్కడే అద్దె సంస్థ మీద నా ఫిర్యాదు. కారులోని నావిగేషన్‌ని అంతకుముందు వాడినవాళ్లు "తక్కువ దూరం" మీద పెట్టి వదిలేశారు, కౌంటర్‌లో ఎవరూ దాన్ని మార్చలేదు. అది మమ్మల్ని ఒక అడవి బాటలోకి తిప్పింది, చివర గేటు మూసుంది. ఎలుగుబంటి బొమ్మ ఉన్న బోర్డు పక్కనుంచి అంత దూరం రివర్స్‌లో వెనక్కి రావడం నాకు చాలా కష్టమైంది, అమ్మ భయపడింది. తాళం తీసుకోగానే ఆ సెట్టింగ్ చూసుకోండి. చిరునామా కొట్టడం కన్నా వెళ్లే చోటి ఫోన్ నంబరు కొడితే దారి సరిగ్గా చూపిస్తుంది.

మిషిమాలో 252వ నంబరు రోడ్డు పక్కనున్న మిచి-నో-ఎకిలో కారు ఆపాం. ఇవి రోడ్డు పక్క విశ్రాంతి కేంద్రాలు, 1993 నుంచి ఉన్నాయి. ఇరవైనాలుగు గంటలూ పార్కింగ్, శుభ్రమైన మరుగుదొడ్లు ఉచితం. పెద్దవాళ్లతో తిరిగేవారికి ఇంతకన్నా పెద్ద మేలు లేదు. అక్కడి నుంచే మెట్లదారి మొదటి తదామి రైలు వంతెన కనిపించే చోటికి వెళ్తుంది. 2011 జూలై వరదల్లో ఈ రైలు మార్గంలో వంతెనలు కొట్టుకుపోయాయి, 2022 అక్టోబరు 1న గానీ మార్గం పూర్తిగా తెరవలేదు. రోజుకి కొద్ది రైళ్లే తిరుగుతాయి కాబట్టి వేళ ముందే కనుక్కోవాలి. అమ్మ ఆగి ఆగి మొదటి మలుపు దాకా ఎక్కింది. రెండు బోగీల రైలు వంతెన మీదికొచ్చి నెమ్మదిగా దాటింది, కింద ఆకుపచ్చ నీళ్లలో దాని నీడ కూడా దాటింది. చుట్టూ కొండలు సగమే పండాయి. "ఇక్కడ ఇంకా అద్దకం పూర్తి కాలేదు. పది రోజులు పడుతుంది" అంది అమ్మ.

మన దేశం నుంచి వచ్చేవాళ్లకి 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చిన అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కావాలి. అసలు లైసెన్సూ, పాస్‌పోర్టూ వెంట ఉండాలి. ఎడమవైపు నడపడం మనకి అలవాటే. రైల్వే గేటు తెరిచే ఉన్నా సరే, పట్టాల ముందు కారు పూర్తిగా ఆపి వెళ్లాలి. రెండు రోజుల్లో 270 కిలోమీటర్ల దాకా తిరిగితే 16 లీటర్ల పెట్రోలు పట్టింది. ట్యాంకు నింపి ఇవ్వాలి, పల్లెల్లో బంకులు పెందలాడే మూసేస్తారు. అక్టోబరు చివరి నుంచి స్కైలైన్ మీద మంచు పడొచ్చు. మా కారుకి ఉన్నవి మామూలు టైర్లే, మంచు టైర్లు నవంబరు నుంచే వేస్తామన్నారు. అందుకే ఆ ఉదయం రోడ్డు తెరిచి ఉందో లేదో చూసుకుని బయల్దేరండి. నవంబరు మధ్యలో శీతాకాలానికి స్కైలైన్ మూసేస్తారు. అప్పటికి గానీ సెలవు దొరకనివాళ్లు పైకి ఎక్కకుండా నేరుగా తదామి వైపు వెళ్లండి.