షేర్ చేయడమా, వెళ్ళి నిలబడటమా, కాగితం పెట్టడమా: ఏది మేలు?

"అన్ని లక్షల మంది షేర్ చేయకపోతే కోర్టు పట్టించుకునేదా పెదనాన్నా?" అని మా తమ్ముడి కూతురు నన్ను నిలదీసింది. 2025 ఏప్రిల్‌లో, హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలిలో చెట్లు కొట్టి భూమి చదును చేయడంపై గొడవ నడుస్తున్న రోజుల మాట. తన స్టేటస్ నిండా బుల్డోజర్ల వీడియోలే. అవి పెడితే ఏమొస్తుందని నేను అన్నందుకు వచ్చిన ప్రశ్న అది. అప్పుడు జవాబు చెప్పలేకపోయాను.

ముందు ఫోన్ సంగతి. అక్కడ హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకుని ఉన్న 400 ఎకరాల్లోకి మార్చి 30న, ఉగాది నాడు, జేసీబీలు దిగాయి. మర్నాడు రంజాన్. వరుస సెలవులు. లోపల ఏం జరుగుతోందో ఆ రెండు రోజులూ లోకానికి చూపించింది విద్యార్థుల ఫోన్లే. లైట్లు వేసుకుని రాత్రంతా చెట్లు కూల్చడం, చీకట్లో నెమళ్ళ అరుపులు... ఖమ్మంలో ఉన్న నాకు కూడా అలాగే తెలిసింది. వేగంలో ఫోన్‌కు సాటి వచ్చేది ఏదీ లేదు.

కానీ ఆ వేగంతోనే ఏఐ బొమ్మలూ తిరిగాయి. ప్రభుత్వం వాటిని పట్టుకుంది. ఫేక్ ప్రచారం అంటూ కేసులు పెట్టారు, చర్చ చెట్ల మీద నుంచి బొమ్మల మీదికి మళ్ళింది. కళ్ళెదుట నిజం వీడియోలు అన్ని ఉండగా ఆ బొమ్మల అవసరం ఏమొచ్చింది? నాకు ఇప్పటికీ బాధ కలిగించేది ఇదే.

ఇక అక్కడికి వెళ్ళి నిలబడటం. పండగ పూట యంత్రాలకు అడ్డం వెళ్ళిన విద్యార్థులను పోలీసులు వ్యాన్లలో ఎక్కించుకుపోయారు. వాళ్ళు అక్కడ లేకపోతే షేర్ చేయడానికి వీడియో ఎక్కడిది? అయితే దీని ఖర్చు ఎక్కువ. కేసు పడితే ఉద్యోగం ఏమవుతుందో అని ఇంట్లో అందరికీ టెన్షన్. అందరినీ వెళ్ళమని చెప్పే ధైర్యం నాకు లేదు.

మూడోది కాగితం, అంటే పిటిషన్, దరఖాస్తు. వట ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ, విద్యార్థులు హైకోర్టుకు వెళ్తే ఏప్రిల్ 2న పనులు ఆపమని ఉత్తర్వు వచ్చింది. మర్నాడు సుప్రీంకోర్టులో అమికస్ క్యూరీ (కోర్టుకు సాయంగా ఉండే న్యాయవాది) వార్తా కథనాలను జడ్జీల ముందు పెట్టారు. కోర్టు హైకోర్టు రిజిస్ట్రార్‌ను అదే రోజు అక్కడికి పంపి, నివేదిక చూసి, అన్నీ ఆపేయమంది. అప్పటికే దాదాపు 100 ఎకరాలు చదునైపోయాయి. కాగితం ఆలస్యంగా కదులుతుంది, నిజమే. కానీ బుల్డోజర్ ఇంజిన్ ఆగింది దానివల్లే. ఒక్కటే ఎంచుకోమంటే నేను దాన్నే ఎంచుకుంటాను.

అలాగని మా తమ్ముడి కూతురు అన్నది తప్పు కాదు. ఆ వార్తలు అంత పెద్దగా రావడంలో ఫోన్ల పాత్ర ఉంది. ఇప్పుడు అడిగితే సగం గెలుపు నీదేనని ఒప్పుకుంటాను. మిగతా సగం గురించే నా పట్టు. మన ఊరి చెరువు శిఖం భూమిలో (నీళ్ళు నిలిచే చోట) ఎవరో మట్టి పోస్తుంటే ఢిల్లీ పేపర్లు రావు, ట్రెండింగ్ కాదు. అక్కడ పనికొచ్చేది సమాచార హక్కు దరఖాస్తే. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. సర్వే నంబరు, హద్దులు, ఎవరు అనుమతిచ్చారో రాతలో చేతికొస్తే ఆ తర్వాత పెట్టే పోస్టుకూ బలం వస్తుంది.

ఓటు సంగతి కూడా తనను అడిగాను. తనకు 19 ఏళ్ళు, ఓటర్ల జాబితాలో పేరే లేదు. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో హైదరాబాద్ జిల్లాలో సగం మంది కూడా ఓటెయ్యలేదు. 17 నిండగానే ముందస్తుగా దరఖాస్తు పెట్టుకోవచ్చని, 18 నిండినవాళ్ళను చేర్చుకోవడానికి ఏడాదికి నాలుగు తేదీలు (జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1) ఉన్నాయని తనకు తెలియదు. ఆ సాయంత్రమే వోటర్ హెల్ప్‌లైన్ యాప్‌లో ఫారం 6 (కొత్త ఓటరుగా చేరే దరఖాస్తు) తెరిచాం. స్టేటస్‌లు పెట్టిన అదే ఫోన్‌లో.