ఎనిమిది మంది అంటే ఎనిమిది మందే: మన్యం కొండల్లో ఆరు నడకల తరువాత

విశాఖపట్నం నుంచి అనంతగిరి, అరకు కొండల్లోకి చిన్న బృందాలను తీసుకువెళ్ళే ఒక సంస్థతో నేను నాలుగేళ్ళలో ఆరుసార్లు వెళ్ళి వచ్చాను; ఐదుసార్లు శీతాకాలంలో, ఒక్కసారి బుద్ధి గడ్డి తిని శ్రావణంలో. మొదటిసారి వెళ్ళి వచ్చిన వారం రోజుల్లో రాసి ఉంటే ఈ సమీక్ష నిండా మబ్బులూ సూర్యోదయాలే ఉండేవి. ఇప్పుడు ఆ మైకం దిగింది కాబట్టి, చెల్లించిన డబ్బుకు నిజంగా ఏది దక్కింది, ఏది దక్కలేదు అన్నది కొంత నిదానంగా చెప్పగలను. సంస్థ పేరు చెప్పడం లేదు. చెప్పబోయే లోపం వారొక్కరిదే కాదని, మరి రెండు సంస్థలతో వెళ్ళిన మిత్రుల అనుభవమూ అదేనని విన్నాను.

యాత్ర మూడు రాత్రులు, నాలుగు పగళ్ళు. రోజుకు పది నుంచి పద్నాలుగు కిలోమీటర్ల నడక ఉంటుంది. మొదటి ఏడు మనిషికి 6,500 రూపాయలు తీసుకున్నారు, నిరుడు 9,000 అయింది. రైలు టిక్కెట్టు, జీపు, భోజనం, టెంటు, స్లీపింగ్ బ్యాగు, వంటమనిషి, దారి చూపే మనిషి అందులోనే. బృందంలో ఎనిమిది మందికి మించరని కాగితం మీద రాసి ఉంటుంది. బయలుదేరే ముందు ఆదివారం విశాఖ అంచునున్న కంబాలకొండ అడవిలో రెండు గంటలు నడిపించి చూస్తారు. నేను ఏటా ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు చేస్తాను కనుక ఆ పరీక్షను తేలిగ్గా తీసుకున్నాను. తారు రోడ్డు మీద రాత్రంతా నడవడం వేరు, వీపున ఎనిమిది కిలోల బరువుతో రాళ్ళ దారిలో దిగడం వేరు అని నా మోకాళ్ళు రెండో రోజు సాయంత్రానికి తెలియజేశాయి. ఎక్కేటప్పుడు ఆయాసమే, దిగేటప్పుడే అసలు నొప్పి. చేతికర్ర రెండు వందల రూపాయలకు అద్దెకిస్తారు; నామోషీ పడకుండా తీసుకోవాలి.

ప్రయాణం ఉదయం కిరండోల్ పాసింజరులో మొదలవుతుంది. బొడ్డవర దాటాక రైలు ఘాట్ ఎక్కుతుంది. అక్కడి నుంచి సొరంగం వెంట సొరంగం. మేము బొర్రా గుహల స్టేషన్‌లో దిగుతాం. జనమంతా గుహల వైపు పోతే, మేము ఎదురు దిక్కుకు జీపెక్కుతాం. అక్కడికి కాస్త పైనున్న శిమిలిగూడ స్టేషన్ ఎత్తు 996 మీటర్లు, ఒకప్పుడు దేశంలోని బ్రాడ్ గేజ్ స్టేషన్లన్నింటిలోకీ ఎత్తయినదిగా దానికి పేరు. బీచి రోడ్డు పక్కన నిద్ర లేచిన మనిషి మధ్యాహ్న భోజనం వేళకు వెయ్యి మీటర్ల పైన ఉంటాడన్న మాట. విశాఖలో డిసెంబరులోనూ ఫ్యాను వేసుకుని పడుకునే మేము ఆ తేడాను ప్రతిసారీ తక్కువగానే అంచనా వేశాం.

మొదటి రాత్రి సంగతి ఇప్పటికీ గుర్తుంది. గెడ్డ (కొండవాగు) పక్కన చదునైన ఇసుక నేల కనిపించగానే అందరం సంచులు దించేశాం. దారి చూపే పెద్దాయన కొండదొర తెగవారు, వయసు అరవై దాటింది. మేమంతా తాతా అని పిలుస్తాం, ఆయన మమ్మల్ని బాబూ, అమ్మా అంటారు. ఆయన మా సంచుల వంక చూసి, “ఇక్కడొద్దు బాబూ, రాత్రికి చలంతా కిందకే దిగిపోతాది” అన్నారు. అలసిపోయి ఉన్న మాకు మళ్ళీ పాతిక ముప్పై మీటర్లు పైకెక్కి, ఏటవాలులో ఓ చిన్న అరుగులాంటి చోట టెంట్లు వేయడం ఏమాత్రం నచ్చలేదు. నా దగ్గర చిన్న ఉష్ణమాపకం ఉంది. తెల్లవారుజామున ఐదింటికి టెంటు దగ్గర 11 డిగ్రీలు చూపింది, నీళ్ళ కోసం గెడ్డ దగ్గరకు దిగితే 7 చూపింది. నేల రాత్రంతా వేడిని వదిలేస్తుంటే దాని మీది గాలి చల్లబడి, బరువెక్కి, వాలు వెంట జారి లోయ అడుగున నీళ్ళలా నిలుస్తుంది. కొండ మీద నుంచి అందరూ ఫోటోలు తీసే మబ్బుల సముద్రమూ చాలా మటుకు ఆ గాలి పనే. అందులోని తేమ సన్నటి నీటి తుంపరలుగా మారి లోయను కప్పేస్తుంది. తాత ఇవేవీ చెప్పలేదు. ఎక్కడ పడుకుంటే పొద్దున్నే వేళ్ళు పనిచేస్తాయో ఆయనకు తెలుసు.

ఆ రాత్రే నా అజ్ఞానం ఇంకొకటి బయటపడింది. అర్ధరాత్రి దాటాక పైనుంచి మొహం మీద చుక్కలు పడుతుంటే టెంటు కారుతోందని నిర్వాహకుల తరఫున వచ్చిన కుర్రవాణ్ణి లేపి దెబ్బలాడాను. అతను లైటు వేసి చూపించాడు: బయట మంచు పడుతున్నా పైగుడ్డ లోపలికి ఒక్క చుక్క రానివ్వలేదు. లోపలి గుడ్డ మీద ముత్యాల్లా పేరుకున్నదంతా మా ఇద్దరి ఊపిరే. చలికి భయపడి నేను అన్ని జిప్పులూ బిగించి మూసేశాను. బెత్తెడు సందు వదిలితే ఆ బాధ ఉండదు. టెంట్లు మంచివే, నాలుగేళ్ళలో ఒక్కటీ చిరగలేదు. స్లీపింగ్ బ్యాగులు మాత్రం అంతంత మాత్రం. చీటీ మీద ఐదు డిగ్రీలని రాసి ఉంటుంది గాని, ఆ అంకెను హాయిగా నిద్రపట్టే అంకెగా తీసుకోకూడదు. ఇంటి నుంచి ఒక పలచటి దుప్పటి, పొడి మేజోళ్ళ జత తప్పక తెచ్చుకోవాలి.

రెండో రోజు దారి కాఫీ తోటల గుండా పోతుంది. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీ ఇదే: పైన సిల్వర్ ఓక్ చెట్ల నీడ, వాటికి ఎగబాకిన మిరియాల తీగలు, కింద నడుమెత్తు కాఫీ మొక్కలు. చలికాలంలో పండ్లు ఎర్రబడి ఉంటాయి. ఒక యాత్రలో మాతో వచ్చినాయన ఒకరు దోసెడు పండ్లు దూసి నోట్లో వేసుకున్నారు. తాత ఏమీ అనలేదు. తరువాతి ఊరు చేరగానే నేరుగా ఒక ఇంటికి వెళ్ళి, తోట ఆసామికి మా మనిషిని చూపించి విషయం చెప్పి వచ్చారు. ఆసామి నవ్వి ఊరుకున్నాడు గాని, పండ్లు తిన్న పెద్దమనిషి మాత్రం ఆ పూటంతా తలెత్తలేదు. ఆ తోటల్లోనే ఒకచోట కూలిన మాన్లు ఇంకా కనిపిస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను కొట్టినప్పుడు కొండ మీద నీడచెట్లు కూడా నేలకొరిగాయి. తాత లెక్కలో ప్రతి సంఘటనా హుద్‌హుద్‌కు ముందో, తరువాతో జరిగినదే. నవంబరు, డిసెంబరు నెలల్లో వెళ్తే వలిసె చేలు పసుపు ఆరబోసినట్టు ఉంటాయి. నా మాట వింటే ఆ రెండు నెలలే మేలు.

ఇక అసలు ఫిర్యాదు. మూడో ఏడు సంక్రాంతి సెలవులకు వెళ్ళినప్పుడు స్టేషన్‌లో తలలు లెక్కపెడితే పదిహేను. పండగ రద్దీ అని, ఇంకొక కుర్రవాణ్ణి అదనంగా పంపిస్తున్నామని సర్దిచెప్పారు. ఏడుగురు పెరిగితే ఏమవుతుందిలే అని నేనూ అనుకున్నాను. ఏమయిందో రెండో మజిలీలో తెల్లవారుజామున తెలిసింది. అక్కడి చెలమలో ఊట సన్నం. బిందె నిండాలంటే ఇరవై నిమిషాలు. తాగడానికి, వంటకు కలిపి మనిషికి రోజుకు నాలుగు లీటర్లు వేసుకున్నా, ఎనిమిది మందికి మూడు బిందెలు సరిపోతాయి, పదిహేను మందికి ఐదు కావాలి. మా వంటమనిషి గంటన్నరగా క్యాన్లు నింపుతుంటే, ఊరి ఆడవాళ్ళు నలుగురు ఖాళీ బిందెలు చంకన పెట్టుకుని ఆ చలిలో నిలబడి ఉన్నారు. ఒక్కరూ నోరు విప్పలేదు. ఆ చెలమ వాళ్ళది. పళ్ళు తోముకోవడానికి మగ్గుతో అక్కడికి వెళ్ళిన నాకు వెనక్కి తిరిగి రావడం తప్ప ఏం చేయాలో తోచలేదు.

పదిహేను మంది వరుస అంటే ముందున్నవాడికీ వెనకున్నవాడికీ మధ్య అరగంట. తాత ఒక్కరే, ఇద్దరు కుర్రవాళ్ళకూ దారి తెలియదు. జనవరిలో ఐదున్నరకే పొద్దు వాలుతుంది. ఆ మసక వెలుతురులో దిగుతూ ఒకావిడ జారి చీలమండ మెలిపెట్టుకున్నారు. మందుల పెట్టె తెరిస్తే క్రేప్ బ్యాండేజీ లేదు, ఉన్న నొప్పి స్ప్రేకు గడువు దాటింది. ఎవరి ఫోనుకూ సిగ్నల్ లేదు. తాత ముందు తన తుండుగుడ్డతో కాలు బిగించి కట్టారు. ఒక కుర్రవాణ్ణి ఏ బండ ఎక్కితే సిగ్నల్ దొరుకుతుందో చెప్పి అటు పంపి, తాను ఊళ్ళోకి వెళ్ళారు. నలభై నిమిషాల్లో ఆరుగురు డోలీతో వచ్చారు. పొడవాటి కర్ర, దానికి రెండు వైపులా ముడివేసిన పాత దుప్పటి, అంతే. నెలలు నిండిన ఆడవాళ్ళనూ, జ్వరం ముదిరిన పిల్లలనూ వాళ్ళు రోడ్డుదాకా మోసుకువెళ్ళేది దానిలోనే. రెండు గంటలు భుజాలు మార్చుకుంటూ మోసి 108 దగ్గరకు చేర్చారు. నిర్వాహకులు ఆ ఆరుగురికీ కలిపి ఇచ్చింది వెయ్యి రూపాయలు; మేము తలాకొంత వేసి మిగతాది ఇచ్చాం. తిరిగి వచ్చాక నేను రాసిన ఉత్తరానికి క్షమాపణ వచ్చింది గాని డబ్బు వాపసు రాలేదు. అయితే మరుసటి ఏడు మందుల పెట్టె మారింది, మడత స్ట్రెచర్ ఒకటి వచ్చింది, తాతకు తోడుగా ఆయన మేనల్లుడు వరుస చివర నడిచాడు. అందుకే వాళ్ళను పూర్తిగా వదులుకోలేదు.

మరుగుదొడ్డి విషయం అడగడానికి చాలామంది మొహమాటపడతారు. నిలువు గుడారం ఒకటి వేసి, లోపల గుంట తవ్వి, పక్కన మట్టి, పార పెడతారు. ఎనిమిది మందికి అది శుభ్రంగానే నడిచింది, మా ఆవిడ కూడా వంక పెట్టలేదు. పదిహేను మందితో రెండో రోజుకే అటు వెళ్ళలేకపోయాం.

భోజనానికి ఎక్కువ చెప్పడానికి లేదు. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం అడ్డాకులో పులిహోర, రాత్రి అన్నం, పప్పు. పన్నెండు వందల మీటర్ల ఎత్తున నీళ్ళు 96 డిగ్రీలకే మరిగిపోవడం వల్ల మొదట్లో పప్పు పలుకుగా ఉండేది, ఇప్పుడు కుక్కరు మోసుకొస్తున్నారు. నాలుగేళ్ళలో నాకు నాలుక మీద నిలిచింది మాత్రం తాత ఇంట్లో తాగిన చోడి (రాగి) అంబలి, పక్కన కాల్చిన ఎండుమిరపకాయ.

వానాకాలం యాత్ర ఎవరూ తీసుకోవద్దు. జలగలు మేజోళ్ళలో దూరుతాయి, గెడ్డలు ఒక్క గంటలో దాటలేనంతగా పొంగుతాయి, టెంటు ఆరదు. కాలం ఏదైనా, తిరిగి వచ్చిన కొన్ని వారాల్లో జ్వరం వస్తే ఏజెన్సీ ప్రాంతానికి వెళ్ళి వచ్చామని డాక్టరుకు ముందే చెప్పి మలేరియాకు రక్తపరీక్ష చేయించుకోవాలి. ఈ మాట నిర్వాహకుల కాగితంలో లేదు, ఉండాలి.

మేము బస చేసిన ఊళ్ళ పేర్లు కావాలనే రాయలేదు. పాడేరు దగ్గర వంజంగి కొండ ఫోటోలు పాకిన తరువాత అక్కడ పేరుకున్న ప్లాస్టిక్కును చూసినవారికి కారణం చెప్పనక్కరలేదు.

ఈ డిసెంబరు యాత్రకు మళ్ళీ పేరు ఇచ్చాను. ఎంతమంది అని అడిగితే ఎనిమిదే అన్నారు, ఒకరిద్దరు అటూఇటూ కావచ్చన్నారు. సగం సొమ్ము పంపి, మిగతా సగం స్టేషన్‌లో తలలు లెక్కపెట్టాకే ఇస్తానన్నాను. కాసేపు ఆగి, సరేనన్నారు.