ఫోటో క్యాలెండర్ వేయిస్తున్నారా? 250 జీఎస్ఎం అని చెప్పి 170 అంటగడుతున్నారు, జాగ్రత్త

నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు, జడ్చర్ల... ఎక్కడ ఆర్డరిచ్చినా సరే, ఇంటి ఫోటోలతో క్యాలెండర్ వేయించేవాళ్లు ముందుగా ఒకటి చూసుకోండి. షాపులో చూపించిన కాగితం, చివరికి చేతికొచ్చిన కాగితం ఒకటేనా? నమూనాగా 250 జీఎస్ఎం ఆర్ట్ కార్డు, అంటే నున్నటి పూత ఉన్న దళసరి కాగితం, చేతిలో పెడతారు. జీఎస్ఎం అంటే కాగితం బరువు కొలత. రేటు దాని మీదే మాట్లాడతారు. సరుకు మాత్రం 170 జీఎస్ఎం మీద తీసి, పైన గ్లాసీ లామినేషన్ (మెరిసే ప్లాస్టిక్ ఫిల్మ్) కొట్టి ఇస్తారు. లామినేషన్ పడ్డాక పలుచటి కాగితం కూడా బిర్రుగా అవుతుంది కాబట్టి పట్టుకుంటే తేడా తెలియదు. గోడకు తగిలించిన కొన్నాళ్లకు కింది అంచులు చుట్టుకుపోతుంటే అప్పుడు తెలుస్తుంది. అప్పటికి పైసలన్నీ కట్టేసి ఉంటాం. ఏ షాపు పేరూ ఇక్కడ రాయడం లేదు. పట్టుకునే పద్ధతి తెలిస్తే ఏ షాపులోనైనా పనికొస్తుంది.

పద్ధతి తేలికే. ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో అదే జీఎస్ఎం. ఏ4 షీట్లు 16 కలిపితే దాదాపు కచ్చితంగా ఒక చదరపు మీటరు. అంటే 16 ఏ4 షీట్లు తూకం పెడితే ఎన్ని గ్రాములొస్తే అంత జీఎస్ఎం. ఏ3 అయితే 8 షీట్లు చాలు. డిజిటల్ ప్రెస్‌లో ఎక్కువగా వాడే 12×18 అంగుళాల షీట్లయితే 7 తూకం వేయండి: 250 జీఎస్ఎం అయితే 244 గ్రాముల దగ్గర, 170 అయితే 166 దగ్గర ఉంటుంది. 12 నెలల ఏ4 క్యాలెండర్‌కు 12 పేజీలే కాబట్టి 250కి 187 గ్రాములు రావాలి. 127 వచ్చిందంటే అది 170. ఐదారు గ్రాములు అటూ ఇటూ అయితే గొడవ పడొద్దు, కాగితం తేమను బట్టి కొంచెం మారుతుంది. అరవై గ్రాముల తేడా మాత్రం తేమ వల్ల రాదు. కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా సరిపోతుంది. తూకం మాత్రం లామినేషన్, వైరో బైండింగ్ (పేజీలను పట్టి ఉంచే తీగ చుట్లు) కాకముందే వేయాలి. ఫిల్మ్, తీగ బరువు కలిశాక లెక్క తేలదు.

చేత్తో పట్టుకుని మందం చూస్తే చాలదా అంటే, చాలదు. గ్లాసీ ఆర్ట్ పేపర్‌ను రోలర్ల మధ్య గట్టిగా నొక్కి నునుపు చేస్తారు, అందుకే అదే బరువున్న మ్యాట్ (మెరుపు లేని) కాగితం కంటే పలుచగా తగులుతుంది. మ్యాట్ 220, గ్లాసీ 250 పక్కపక్కన పెడితే మ్యాటే దళసరి అనిపించవచ్చు. వేళ్లను నమ్మకండి, కాటాను నమ్మండి.

ఇంకో మాట కూడా చెప్పాలి. 170 చెడ్డ కాగితం కాదు. ఏ4 గోడ క్యాలెండర్ లోపలి పేజీలకు మ్యాట్ 170 నుంచి 220 బాగుంటుంది. ఏ3కి 250 కావాలి, వెనక అట్టకు 300. 250 పైసలు తీసుకుని 170 ఇవ్వడమే మోసం. తేదీల పేజీలకు అసలు లామినేషన్ ఎందుకు? మన ఇళ్లలో పాల లెక్క, గ్యాస్ వచ్చిన రోజు, చిట్టీ కట్టిన రోజు అన్నీ క్యాలెండర్ మీదే రాసుకుంటాం. గ్లాసీ ఫిల్మ్ మీద బాల్ పెన్ను జారుతుంది, జెల్ పెన్ను సిరా ఆరక చెయ్యి తగిలితే అలుక్కుపోతుంది. పైగా ఒక్క వైపే లామినేషన్ వేస్తే వానాకాలంలో కాగితం తేమ పీల్చి సాగుతుంది, ఫిల్మ్ సాగదు, షీటు ఫిల్మ్ వైపుకు వంగిపోతుంది. రాసుకునే క్యాలెండర్ కావాలంటే తేదీల భాగం 100 లేదా 120 జీఎస్ఎం మ్యాప్‌లిథో (పూత లేని మామూలు రాత కాగితం) మీద వేయించి, ఫోటో ఒక్కటే ఆర్ట్ కార్డు మీద పెట్టించండి.

ఇంట్లోనే ప్రింట్ తీసుకునేవాళ్లకు వేరే జాగ్రత్త ఉంది. స్టేషనరీ షాపులో ‘ఫోటో పేపర్’ అని అమ్మే మెరుపు షీట్లు ఇంక్‌జెట్ కోసం. వాటి మీద ప్లాస్టిక్ పూత ఉంటుంది. లేజర్ ప్రింటర్‌లో పెడితే లోపలి వేడి రోలర్‌కు ఆ పూత కరిగి అంటుకుంటుంది, ఫ్యూజర్ యూనిటే పాడవుతుంది. తిరగేసి ఆర్ట్ కార్డును ఇంక్‌జెట్‌లో పెడితే సిరా లోపలికి ఇంకదు, గంటలు గడిచినా వేలికి అంటుతుంది. ప్యాకెట్ మీద ఏ ప్రింటర్‌కో చదివాకే పైసలివ్వండి.

షాపులో ‘లేజర్ ప్రింట్’ అని చెప్పి చవక సిరా నింపిన ఇంక్‌జెట్ మీద తీసే వాళ్లున్నారు. వేస్ట్ ప్రింట్ ముక్క ఒకటి అడిగి, దాని మీద నీటి చుక్క వేసి ఒక నిమిషం ఆగి తుడవండి. రంగు కారితే డై ఇంక్. లేజర్ ప్రింటర్ వాడే పొడి, టోనర్, కారదు. ఆ డై ఇంక్ ప్రింటు ఎండ పడే గోడకు తగిలిస్తే మన ఎండాకాలం దాటేసరికి ముఖాలు వెలిసిపోతాయి. పది కాపీలకు ‘ఆఫ్‌సెట్’ అన్నా అనుమానించండి. ఆఫ్‌సెట్‌కు నాలుగు రంగులకు నాలుగు ప్లేట్లు చేయాలి, వందల కాపీలుంటే తప్ప ఆ ఖర్చు కిట్టదు.

ఫోటోలు పంపేటప్పుడు తప్పు మనవైపే జరుగుతుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో పొడవు 1600 పిక్సెళ్ల దగ్గరికి కుదించుకుపోతుంది. ఏ4 నిండా స్పష్టంగా రావాలంటే 2480×3508 కావాలి. 1600 పిక్సెళ్ల ఫోటోను ఏ3 నిండా సాగదీస్తే అంగుళానికి వంద చుక్కలు కూడా రావు, కళ్లు, వెంట్రుకలు మసకబారతాయి. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి.

రంగుల విషయంలో షాపువాళ్లను ఊరికే తిట్టొద్దు. ఫోన్ తెర వెలుగుతో చూపించే రంగులన్నీ నాలుగు సిరాలతో రావు. బతుకమ్మ ఫోటోలోని మెరిసే గులాబీ, గద్వాల చీర జరీ, సాగర్ నీళ్ల నీలం కొంత దిగిపోతాయి. జరీ అయితే గోధుమ పసుపులా వస్తుంది. చీకటి ఫోటోలు ఇంకా నల్లబడతాయి కాబట్టి వెలుగు కాస్త పెంచి ఇవ్వండి. అసలు కాగితం మీదే ఒక్క నెల ప్రూఫ్ (నమూనా ప్రింటు) తీయించి పగటి వెలుతురులో చూశాకే మిగతావి తీయమనండి.

ఆ ప్రూఫ్‌లో తెలుగు అక్షరాలు ఒక్కొక్కటీ చదవండి. యూనికోడ్ తెలుగును పాత సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. ఫైలు ఇంకో కంప్యూటర్‌లో తెరిస్తే ఫాంటే మారిపోవచ్చు, అందుకని అక్షరాలను కర్వ్స్‌గా (ఫాంటు అవసరం లేని గీతల బొమ్మలుగా) మార్చిన పీడీఎఫ్ అడగండి. తేదీల గడులూ లెక్కపెట్టండి. 2027లో జనవరి, మే, అక్టోబరు నెలలకు ఆదివారంతో మొదలయ్యే పట్టికలో ఆరు వరుసలు కావాలి. ఐదు వరుసల డిజైన్‌లో 31 ఎక్కడో ఇరికిస్తారు, ఒక్కోసారి ఎగిరిపోతుంది. 2027 ఉగాది ఏప్రిల్ 7. అమెరికా వేళలకు గుణించిన తిథులు తెచ్చి పెడితే ఇక్కడికి ఒక రోజు తేడా రావచ్చు.

వైరో రంధ్రాలకు పైన కనీసం 12 మిల్లీమీటర్లు ఖాళీ ఉంచాలి, లేకపోతే తలల్లో చిల్లులు పడతాయి. కటింగ్ కోసం చుట్టూ 3 మిల్లీమీటర్లు ఎక్కువ ఫోటో ఉండాలి.

బిల్లు మీద కాగితం రకం, జీఎస్ఎం, సైజు, లామినేషన్ ఉందా లేదా, ఏ ప్రింట్ అన్నది రాయించుకోండి. ‘ఫోటో క్యాలెండర్ - 20’ అని మాత్రమే రాస్తే రేపు అడగడానికి ఏమీ ఉండదు. సగం అడ్వాన్స్ ఇచ్చి, బైండింగ్‌కు ముందు తూకం చూస్తామని అప్పుడే చెప్పండి. ఆ మాటకే చాలామంది సరైన కాగితం పెడతారు.

పలుచటి క్యాలెండర్ ఇప్పటికే చేతికొచ్చి, షాపువాళ్లు మళ్లీ వేయనంటే, పాత వైరో విప్పించి వెనక దళసరి మిల్ బోర్డు (గట్టి అట్ట) ముక్క పెట్టించి తిరిగి కొట్టించండి. ఒకసారి విప్పిన తీగ మళ్లీ సరిగ్గా మూసుకోదు, కొత్తది వేయాలి. బోర్డు మందం కలుస్తుంది కాబట్టి ఒక సైజు పెద్ద తీగ తీసుకోండి, లేకపోతే పేజీలు తిరగవు.